ఇతరములలో పదకొండు రోజులు

పెద్ద వరద వచ్చిన ఇరవై ఏడో ఏట, లోకంలో ఉన్న సొమ్మంతా రెండే రకాలని తేలిపోయింది. ఒకటి, ఎవరిదో తెలిసిన సొమ్ము. రెండోది, ఇతరములు. మొదటి రకానికి పాసుపుస్తకం, టోకెను, కూర్చోవడానికి కుర్చీ ఉంటాయి. రెండో రకానికి ఒక బీరువా ఉంటుంది. ఆ బీరువా ముందు ఒక అధికారిణి ఉంటుంది.

ఈ సంగతి ఇస్త్రీ ముసలాయనకు ఒక చొక్కా వల్ల తెలిసింది.

ఆయన బండి బ్యాంకుకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క ఉంటుంది. ఇస్త్రీ చేసిన బట్టలను పాత పేపర్లో చుట్టి ఇవ్వడం ఆయన పద్ధతి. ఎదురుసందులో ఉండే లెక్కల మాస్టారు మాత్రం చొక్కా చూసుకోకముందే పేపరు చదువుతాడు. అచ్చులో ఉన్నది ఏదైనా సరే, చదవకుండా వదలడు.

"తాతా, ఇది చూశావా? మన బ్యాంకు లెక్కలు అచ్చేశారు."

"ఊఁ."

"ఇదిగో, ఇది జనం దాచుకున్నది. ఇది బ్యాంకు బయట తెచ్చుకున్న అప్పు. ఈ అడుగున 'ఇతర బాధ్యతలు' అని ఉంది చూడు. దీన్ని ఎవరూ చదవరు."

"అంటే?"

"అంటే ఇవీ బ్యాంకు ఇవ్వాల్సినవే. కానీ ఎవరికి, ఎందుకు అంటే పెద్ద కథ. డ్రాఫ్టు తీసుకుని మార్చుకోవడం మరిచిపోయినవాళ్ళు, ఇంకా కట్టని పన్నులు, పని చేయించుకుని ఇవ్వని కూలీ, ఏ పద్దులో రాయాలో తేలక పక్కన పెట్టినవి. మన ఇళ్ళల్లో అటక ఉంటుంది చూడు, అలాంటిది. దేన్నీ పారెయ్యరు. దేన్నీ కిందికి దించరు."

ముసలాయన ఇస్త్రీపెట్టెను పక్కకి పెట్టాడు.

"పని చేయించుకుని ఇవ్వని కూలీ అన్నారు కదా. అది నాది."

అంత పొడుగు మాట ఆయన నోటివెంట వచ్చి చాలాకాలమైంది. మాస్టారు చొక్కా సంగతి మరిచిపోయి బండి చక్రం పక్కన చతికిలబడ్డాడు.

జరిగింది ఇది. పెద్ద వరద బ్యాంకులో కౌంటరు ఎత్తు దాకా వచ్చి నిలబడింది (టోకెను తీసుకోకుండా లోపలికి వెళ్ళగలిగింది ఇప్పటికీ అదొక్కటే). ఇనప్పెట్టె తెరిస్తే నోట్ల కట్టలన్నీ నానిన అట్టల్లా ఉన్నాయి. మేడ మీద ఆరబెడదామంటే గాలి. అప్పటి క్యాషియరు బుర్ర ఉన్న మనిషి. పడవ పంపించి, ఇస్త్రీ చేసే మనిషిని పెట్టెతో సహా ఎక్కించుకురమ్మన్నాడు. పై అంతస్తులో పెట్టి బయట తాళం వేశాడు. నోట్లున్న గదిలోంచి మనిషిని పని ముగిసేదాకా బయటికి పంపకూడదని నియమం. పదకొండు రోజులు. రెండు గుడ్డల మధ్య ఒక్కో నోటు పెట్టి, పెట్టె వేడి చెయ్యి ఆనించి చూసుకుంటూ, నాలుగువేల నాలుగువందల నోట్లకు ఇస్త్రీ చేశాడు. ఒక్క నోటు మాడలేదు. రోజుకు నూరు చొప్పున కూలీ పదకొండు వందలు.

ఇంటికి కబురు పంపకపోలేదు. పడవవాడితో పంపాడు. పడవవాడు ఆ కబురు పట్టుకుని ఇంకో ఊళ్ళో తేలాడు.

కూలీ మాత్రం అప్పుడు చేతికి రాలేదు. బ్యాంకులో ఖర్చు రాయడానికి నూట పన్నెండు పద్దులు ఉన్నాయి. గోడలకు సున్నం వేయించినందుకు ఉంది. ఎలుకల మందుకు ఉంది. మేనేజరు గది ముందు పూలకుండీకి నీళ్ళు పోసినందుకు కూడా ఉంది. నోట్లకు ఇస్త్రీ చేయించినందుకు లేదు. ఏ పద్దులో రాయమంటారని క్యాషియరు హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాడు. జవాబు వచ్చేదాకా ఆ పదకొండు వందలను ఇతరములలో ఉంచి, ముసలాయనకు (అప్పటికి ఇంకా ముసలాయన కాదు) ఒక చీటీ రాసిచ్చాడు. తర్వాత క్యాషియరు రిటైరయ్యాడు. ఆ పైన పోయాడు. జవాబు మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

వరద వల్ల హెడ్డాఫీసువారు ఒక పాఠం నేర్చుకున్నారని ఒప్పుకోవాలి. అప్పుల కాగితాలన్నీ నీళ్ళలో కొట్టుకుపోయి, బాకీదారులంతా ఒకేసారి అమాయకులైపోయారు. దాంతో ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకపై బ్యాంకుకు రావలసిన సొమ్ము గురించిన ప్రతి కాగితమూ చింపినా చిరగని, తడిపినా తడవని మందపాటి ప్లాస్టిక్ కాగితం మీద ఉండాలి. చూపు ఆనని బాకీదారు కూడా చదువుకోగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. బ్యాంకు ఇవ్వవలసిన సొమ్ము గురించిన కాగితాలు, పొదుపు దృష్ట్యా, మామూలు కాగితం మీదనే ఉంటాయి.

ముసలాయన చీటీ మామూలు కాగితం.

అది ఇంట్లో రేకుపెట్టెలో అడుగున ఉండేది. ఇల్లు నాలుగు వీధుల అవతల ఒక్క గది, పైన పాత రేకులు. రేకులు తుప్పు పట్టి జల్లెడయ్యాయి. పోయిన ఏటి వానలో సరిగ్గా పెట్టె మీదనే కారింది. చీటీలో 'ముట్టవలసినది' అన్న మాట ఒక్కటి మిగిలింది. ఎవరికి, ఎంత, ఎందుకు అన్నవి నీళ్ళలో కలిశాయి.

ముసలావిడ మీద కూడా కారింది. ఆవిడ పడుకునేది పెట్టె పక్కనే.

"ఏమయ్యా, విను" అని ఆవిడ అప్పుడే చెప్పేసింది. "వచ్చే వానకు కూడా నా మీద నీళ్ళు పడ్డాయంటే మా చెల్లెలింటికి పోతా. వాళ్ళది మేడ. మళ్ళీ రమ్మన్నా రాను."

"ఊఁ."

"ఊఁ అంటే? కప్పు వేయిస్తావా, వేయించవా?"

"బ్యాంకు ఇస్తుంది."

ఈ మాట ఆవిడ ఇరవై ఏడేళ్ళుగా వింటోంది. జవాబుగా గిన్నె ఒకటి కాస్త గట్టిగా కింద పెట్టడం ఆవిడకూ ఇరవై ఏడేళ్ళుగా అలవాటు.

వానలకు ఇంకా రెండు నెలలుంది. మాస్టారు పేపరు చదివిన మర్నాడు ముసలాయన బండి మీద పరదా కప్పి, రోడ్డు దాటాడు.

ఇతర బాధ్యతల విభాగం మెట్ల కింద ఉంది. తలుపు మీద 'విభాగాధిపతి (తాత్కాలికం)' అని బోర్డు. ఆ తాత్కాలికం పంతొమ్మిదేళ్ళ నాటిది. లోపల అధికారిణి చేతిలో పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఈ విభాగంలో పెన్నుతో రాయకూడదట.

"అమ్మా, నా కూలీ."

"ఏ పద్దు?"

"ఇతరములు."

ఆవిడ తలెత్తి చూసింది. ఆ పద్దును పేరుపెట్టి అడిగిన మనిషిని ఆవిడ అంతవరకు చూడలేదు. కుర్చీ చూపించింది. దాని మీదున్న ఫైళ్ళు తానే తీసి కింద పెట్టింది.

"అందులో మీది ఉందంటారు."

"ఉంది."

"అలా తొందరపడకండి పెద్దాయనా. నియమం నాలుగు వినండి. 'ఇతరములలో ఉన్న సొమ్ము ఎవరిదో తెలియరాదు. తెలిసినచో అది ఇతరములు కాజాలదు.' కాబట్టి మీది అయితే అందులో ఉండదు. అందులో ఉందంటే మీది కాదు."

ముసలాయన బీరువా వైపు చూశాడు.

"మరి నాది ఎక్కడుంది?"

"అందులోనే" అంది ఆవిడ.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. బీరువా తెరిచి జాబితా చూపించింది. గోడ గడియారం బాగుచేసినవాడికి సగం కూలీ (మిగతా సగం గడియారం నడిచాక). కౌంటరు కింద దొరికిన చిల్లర, ముప్ఫై ఏడు నాణేలు. ఒక గుమాస్తా రెండు రోజుల సెలవు జీతం. పెళ్ళికని డ్రాఫ్టు తీసి, పెళ్ళి చెడి, డ్రాఫ్టు సంగతి ఎవరూ ఎత్తని సొమ్ము. అన్నీ మనుషులవే. ఒక్కదాని పక్కనా మనిషి పేరు లేదు. నూట నలభై ఆరో వరసలో 'ఇస్త్రీ, 1,100' అని ఉంది.

"ఇదే" అన్నాడు ముసలాయన.

"ఇదేనని మీరంటున్నారు."

"పేపర్లో అచ్చేసిన లెక్కలో ఇది ఏ అంకె?"

"అచ్చు లెక్కలు లక్షల్లో వేస్తాం. అంతకు లోపువి గుండ్రం చేస్తాం."

"అంటే?"

"మీరు ఉన్నారు. కనిపించరు."

దరఖాస్తు పెట్టుకోమంది. దరఖాస్తు రుసుము పది. ముసలాయన మొలలోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ ఆ పదిని చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఇతరముల కోసం వచ్చిన మనిషి దగ్గర వసూలు చేసిన రుసుమును ఏ పద్దులో రాయాలో నూట పన్నెండింటిలో ఎక్కడా లేదు. చివరికి పెన్సిలుతో నూట నలభై ఆరో వరసలోనే కలిపింది.

"పదకొండు వందల పది అయ్యాయి" అంది. "మీ నిల్వ పెరుగుతోంది."

బయటికి వస్తుంటే గేటు దగ్గర తుపాకీ గార్డు ఆపాడు. ఇతనికి చొక్కా మడత నలగడం ఇష్టముండదు, అందుకని ముసలాయనంటే గౌరవం.

"ఏం తాతా, ఎందాకా వచ్చింది?"

"కౌంటరు దాకా."

"వరద కూడా అక్కడిదాకే వచ్చిందంట" అన్నాడు గార్డు.

నాలుగు వారాలు తిరిగేసరికి ముసలాయన మొత్తం ఏడు దరఖాస్తులు పెట్టాడు. మొదటిది కూలీ ఇమ్మని. రెండోది మొదటిది అందినట్టు చీటీ ఇమ్మని. మూడోది, పాత చీటీ తడిసిందని. నాలుగోది, తడిసినది వాననీళ్ళతోనే గాని వరదనీళ్ళతో కాదని (రెంటికీ వేరువేరు ఫారాలున్నాయి). ఐదోది తప్పు ఫారంలో రాసినందుకు క్షమించమని. ఆరోది సరైన ఫారంలో మళ్ళీ అదే. ఏడోది ఎందుకు పెట్టాడో ఆయనకూ గుర్తులేదు, అధికారిణి పెట్టమంది. నిల్వ పదకొండు వందల డెబ్భైకి చేరింది. ఇంత చురుగ్గా ఉన్న వరస జాబితాలో ఇంకోటి లేదని ఆవిడ మెచ్చుకుంది.

ఒకరోజు ఆవిడ గొంతు తగ్గించి, "ఒక దారి ఉంది పెద్దాయనా" అంది. "వరద ఏట ఉన్న మీరు, ఇప్పుడున్న మీరు ఒకరేనని రుజువు కావాలి. అప్పటి ఫోటో ఉందా?"

"వరదలో పోయింది."

"ఐతే సాక్షి కావాలి. వరద ఏడు మొదలుకుని ఇప్పటిదాకా మిమ్మల్ని ఎడతెగకుండా చూస్తున్న మనిషి. ఒక్కరు చాలు."

మాస్టారు తాను వస్తానన్నాడు. వరద ఏట మాస్టారుకు ఆరేళ్ళు. చెల్లదన్నారు. ఇక మిగిలింది ముసలావిడ.

ఆవిడ ఉన్న రెండింట్లో మంచి చీర కట్టుకుని వచ్చింది. బ్యాంకు లోపలికి రావడం అదే మొదటిసారి. చల్లటి గాలి తగిలేసరికి కొంగు భుజాల మీదికి లాక్కుని, నేల మీద నీళ్ళున్నాయేమోనని చూసి చూసి అడుగు వేసింది. మెట్ల కింద గదిలో కూర్చోబెట్టి, కాగితం చదివి వినిపించారు.

"'ఈ మనిషిని వరద ఏడు మొదలు నేటివరకు ఎడతెగకుండా చూస్తున్నాను. అప్పటి మనిషీ ఇప్పటి మనిషీ ఒకడే.' ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా."

ముసలావిడ వేలు సిరా దాకా వెళ్ళి ఆగింది.

"ఎడతెగకుండానా?"

"అవునమ్మా. మొదట్నుంచీ."

"మధ్యలో ఒక పదకొండు రోజులు తీసెయ్యండి. వేస్తా."

"అవి తీసెయ్యకూడదమ్మా. కూలీ ఆ పదకొండు రోజులకే."

"ఆ పదకొండు రోజులూ ఈయన నా కళ్ళబడితే ఇన్నేళ్ళుగా ఈ గొడవెందుకు తల్లీ?" ముసలావిడ కుర్చీలో అధికారిణి వైపు తిరిగింది. "పసిదాన్ని చంకనేసుకుని బడి మేడ మీద కూర్చున్నా. అందరి మొగుళ్ళూ తాళ్ళు పట్టుకుని, తెప్పలు కట్టుకుని వచ్చారు. తాగుబోతు మొగుళ్ళు కూడా వచ్చారు. ఈయన పన్నెండో రోజు వచ్చాడు. ఒంటి మీద తడి లేదు. చొక్కా మడత నలగలేదు. ఎక్కడ చచ్చావయ్యా అంటే నోట్లకి ఇస్త్రీ చేశానంటాడు. ఊరంతా నీళ్ళలో ఉంటే నోట్లకి ఇస్త్రీ! చెప్పు తల్లీ, నువ్వైతే నమ్ముతావా?"

అధికారిణి పెన్సిలు కింద పెట్టి నిజాయితీగా ఆలోచించింది.

"నమ్మను" అంది. "కానీ నేను బ్యాంకు కదమ్మా."

"నేను కాదు కదా. చూడనిది చూశానని వేలిముద్ర వెయ్యను. ఈయన్ని అడగండి, నేను అబద్ధం చెబుతున్నానేమో."

అందరూ ముసలాయన వైపు చూశారు.

"లేదు" అన్నాడాయన.

తిరిగి వెళ్ళేటప్పుడు నాలుగు వీధులూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన ఎప్పుడూ మాట్లాడడు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఆవిడ మాట్లాడకపోవడమే కొత్త. ఇల్లు చేరాక ఆవిడ దండెం మీది బట్టలు తీసి ఒక సంచీలో సర్దడం మొదలుపెట్టింది. సంచీ తలుపు పక్కన పెట్టింది. ఆకాశం వైపు చూసింది. పడమటి పక్క మబ్బు పట్టి ఉంది.

మర్నాడు ముసలాయన బండి దగ్గర ఎవరిదో చొక్కా కాలరు తిప్పి, గుర్తు కోసం చూశాడు. ఇస్త్రీ పనిలో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. ఉతికినా పోని నల్ల సిరాతో కాలరు లోపల చుక్కో గీతో పెడతారు. మాస్టారింటికి రెండు చుక్కలు. గార్డుకు అడ్డగీత. గుర్తు లేని గుడ్డ ఇస్త్రీపెట్టె కిందికి రాకూడదు, వస్తే బట్టలు తారుమారవుతాయి. యాభై ఏళ్ళుగా ఆయన గుర్తు పెట్టకుండా దేన్నీ మడత పెట్టలేదు.

కాలరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత రోడ్డు దాటాడు.

"అమ్మా, ఆ కట్టలున్నాయా?"

"ఏ కట్టలు? వరద నోట్లా? ఉన్నాయి." ఇస్త్రీ చేసిన నోటు ఇంకా నోటేనా అని అప్పట్లో హెడ్డాఫీసుకు రెండో ఉత్తరం రాశారట. దానికీ జవాబు రాలేదు. అందుకని కట్టలు ఇనపగదిలోనే ఉన్నాయి. వాటిని 'ఇతర ఆస్తులు' అనే పద్దులో ఉంచారు. (బ్యాంకుకు రావలసిన వాటిలో తేలనివన్నీ ఆ పద్దులో ఉంటాయి. ఆ పద్దుకు వేరే గది, కిటికీ ఉన్నాయి.)

"వాటి మీద నా గుర్తుంటుంది" అన్నాడు ముసలాయన. "ఒక చుక్క, కింద గీత. బ్యాంకుకు నేను పెట్టిన గుర్తు. ఒక్కో నోటు మీద ఉంటుంది."

అధికారిణి మొదటిసారి పెన్ను తీసింది.

తనిఖీ అధికారి మూడు వారాలకు వచ్చాడు. సన్నటి మనిషి. చేతికి తొడుగులు, కంటికి ఒక భూతద్దం. ఇనపగదిని మూడు తాళంచెవులతో తెరిచి, కట్టలు బల్ల మీద పెట్టించి, ఒక్కో నోటూ తిప్పి చూశాడు. రెండు రోజులు పట్టింది. ముసలాయనను రెండు రోజులూ ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఇరవై ఏడేళ్ళ తర్వాత కూడా నోట్లు నిన్న మడత పెట్టినట్టే ఉన్నాయి. అంచులు కలిసి ఉన్నాయి. ఒక్కటి వంకర లేదు. ప్రతి నోటు కుడి మూల, ఆవగింజంత చుక్క, దాని కింద వెంట్రుకంత గీత.

"ఇది మీరు పెట్టిందేనా?"

"ఊఁ."

"ఇదీ?"

"ఊఁ."

"నాలుగువేల నాలుగు వందలూ?"

"గుర్తు పెట్టకుండా ముట్టుకోను."

తనిఖీ అధికారి తొడుగు తీసి, చెయ్యి కలిపాడు. "నా ఉద్యోగంలో ఇంత స్పష్టమైన రుజువు చూడలేదు" అన్నాడు. "అభినందనలు."

ఆ సాయంత్రం ముసలాయన రేకుల కొట్టు ముందు ఆగి, ఆరు రేకులు ఎంతవుతాయని అడిగాడు. ధర విని, తల ఊపి, కొట్టువాడితో పక్కన పెట్టి ఉంచమన్నాడు. ఇంటికి వెళ్ళి తలుపు పక్కనున్న సంచీని తీసి దండెం కింద పెట్టాడు. ముసలావిడ దాన్ని మళ్ళీ తలుపు పక్కకి తెచ్చింది.

వారం తిరిగింది. ఒక మధ్యాహ్నం అధికారిణి తానే ఇంటికి వచ్చింది. బ్యాంకు ఇవ్వవలసినవైతే మనం వెళ్ళి అడగాలి, బ్యాంకుకు రావలసినవైతే వాళ్ళే ఇంటికి తెచ్చి ఇస్తారు. ముసలాయనకు ఆ తేడా అప్పటికి తెలియదు. ఆవిడ చంకలో చాపచుట్టంత చుట్ట ఒకటి ఉంది. సంతకం పెట్టించుకుని, చుట్ట అందించి, "మంచి కబురు పెద్దాయనా" అంది. "మీరే మీరని తేలిపోయింది." వెళ్ళిపోయింది. మబ్బు ముసురుకుంటోంది, ఆవిడ దగ్గర గొడుగు లేదు.

ముసలావిడ పరుగున పోయి మాస్టారును పిలుచుకొచ్చింది. చుట్ట విప్పితే పైన ఉత్తరం ఒక షీటు, దాని కింద అనుబంధాలు పద్నాలుగు షీట్లు. ఒక్కోటి తలుపులో సగం ఉంది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"'విషయం: నోట్లపై అనధికార రాతలు. పై వ్యక్తి వరద ఏట పదకొండు రోజులు, రాత్రింబవళ్ళు, మా కార్యాలయం పై అంతస్తులోనే ఉండి, ఒక్కసారి కూడా బయటికి పోకుండా, నాలుగువేల నాలుగు వందల నోట్లకు తన చేతులతో ఇస్త్రీ చేసి, ప్రతి నోటుపైనా చెరగని సిరాతో గుర్తు పెట్టినట్లు నిస్సందేహంగా రుజువైనది. నోటుపై రాయడం నేరం. నోటుకు నూరు చొప్పున జరిమానా నాలుగు లక్షల నలభై వేలు. నోట్ల నెంబర్లు అనుబంధాలలో చూడగలరు. ఈ సొమ్ము ఇతర ఆస్తులలో చేర్చడమైనది.'"

మాస్టారు ఆగి, నీళ్ళు తాగి, మిగతాది చదివాడు.

"'తమ కూలీ పదకొండు వందలను ఇందులో తగ్గించుట కుదరదు. అది ఏ పద్దు అన్నది హెడ్డాఫీసు పరిశీలనలో ఉన్నది.' ఇంతే తాతా. ఈ ఏడు పేపర్లో లెక్కలేసినప్పుడు నువ్వు కనిపిస్తావు. లక్షల లెక్కలో నాలుగు."

ముసలాయనకు రేకుల కొట్టువాడు గుర్తొచ్చాడు.

"మళ్ళీ చదవండి మాస్టారూ" అంది ముసలావిడ.

"జరిమానానా?"

"అది కాదు. బయటికి పోకుండా అన్నారే, అక్కడ."

మాస్టారు చదివాడు. ఆవిడ ఇంకోసారి చదవమంది. మూడోసారి విన్నాక ముందుకు వంగి, కాగితం అడుగున ఉన్న గుండ్రటి ముద్రను వేలితో తడిమింది.

"ఇది బ్యాంకు ముద్రేనా?"

"బ్యాంకుదే."

"నీళ్ళు పడితే పోతుందా?"

"పోదు. ఇది తడవని కాగితం."

ఆవిడ ముద్ర మీది నుంచి వేలు తీసింది. తర్వాత ముసలాయన వైపు తిరిగింది.

"ఆ పదకొండు రోజులూ తిన్నావా మరి?"

"ఊఁ."

"ఏం పెట్టారు?"

"బిస్కెట్లు."

"కూలీ ఇవ్వనివాళ్ళు బిస్కెట్లు ఎట్లా ఇచ్చారు?"

"బిస్కెట్లకి పద్దుంది."

ఆవిడ లేచి, తలుపు పక్కనున్న సంచీ తెచ్చి, బట్టలు ఒక్కొక్కటే దండెం మీద వేసింది. వేస్తూ వేస్తూ ఒక జాకెట్టు విదిల్చి, "నోట్లకైతే ఇస్త్రీ చేశావు. ఇదిగో, దీనికి ఎప్పుడైనా చేశావా?" అంది.

అప్పుడే రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. ముగ్గురూ ఒకేసారి పైకి చూశారు. తర్వాత ఒకేసారి కిందికి, చుట్ట వైపు చూశారు. ముందు ఎవరు లేచారో చెప్పడం కష్టం. మాస్టారు నిచ్చెన పట్టుకున్నాడు. ముసలాయన పైకెక్కాడు. ముసలావిడ కింది నుంచి షీట్లు ఒక్కోటి అందించింది, ఉత్తరం షీటు మాత్రం ఇవ్వలేదు. దాన్ని మడిచి రేకుపెట్టెలో పెట్టింది. నోట్ల నెంబర్లున్న పద్నాలుగు షీట్లూ తాడుతో బిగించి, పైన రాళ్ళు పెట్టేసరికి వాన గట్టిగా అందుకుంది. పొయ్యి వైపు, పెట్టె వైపు చుక్క పడలేదు. ముసలావిడ పక్క కూడా తడవలేదు. ముసలాయన పడుకునే వైపు మాత్రం షీట్లు చాలలేదు.

మర్నాడు పొద్దున ముసలాయన బండి తియ్యలేదు. బ్యాంకు తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాడు. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. మెట్ల కింద గదిలో అధికారిణి లేచి నిలబడింది. ఇతర ఆస్తుల్లో ఉన్న మనిషి వస్తే లేవాలని నియమం.

"కట్టడానికి వచ్చారా పెద్దాయనా?"

"కాదు. నకలు కావాలి."

"అసలు పోయిందా?"

"వాడుకలో ఉంది."

"ఉత్తరం ఒక్కటే చాలా, అనుబంధాలు కూడానా?"

"అనుబంధాలే."

నకలు రుసుము పది. ఆవిడ ఆ పదిని చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించి, పెన్సిలు తీసి, ఇతరములలో కలిపింది.